దశమి నాడు మొరాయించిన కారు

నిన్న పొద్దున మా మనవడు కొత్త కారెక్కి మీట నొక్కితే అది ఉలకలేదు, పలకలేదు. వాడు బానెట్ కూడా ఎత్తకుండా ఫోనులో కంపెనీ వాళ్ళకు చెప్పి, తాపీగా కాఫీ తాగుతూ కూర్చున్నాడు. నాకు ఒళ్ళు మండి, మూత తీసి చూడరా అంటే, ఏ మూత తాతా అన్నాడు. మన ఈడు వాళ్ళకైతే ఏ మూతో చెప్పనక్కర్లేదు గానీ, దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది.

పంతొమ్మిది వందల యాభైల చివర్లో మా నాయన గూడూరు అభ్రకం వ్యాపారి దగ్గర ఒక పాత కారు కొన్నాడు. సముద్రానికి కూతవేటు దూరంలోని, అప్పటికింకా బస్సు మొహం ఎరగని మా ఊళ్ళో ఉప్పుగాలికి తలుపు గడియలే తుప్పు పట్టి రాలిపోయేవి, ఇక కారు సంగతి చెప్పాలా! ఒకనాడు బ్యాటరీ నీరసం, ఒకనాడు పెట్రోలు గొట్టంలో చెత్త, చోక్ కాస్త ఎక్కువ లాగితే ప్లగ్గులు తడిసిపోవడం, ముందు హ్యాండిల్ పెట్టి తిప్పితే అది వెనక్కి తన్ని మణికట్టు వాచిపోవడం. అన్నిటికన్నా పెద్ద తలనొప్పి డిస్ట్రిబ్యూటర్ మూత. ప్లగ్గులన్నిటికీ కరెంటు పంచిపెట్టేది అదే గనుక, లోపల కాస్త చెమ్మ చేరినా బండి కదిలేది కాదు. అందుకని సాయంత్రం ఆ మూత ఊడదీసి, పొడిగుడ్డతో తుడిచి ఇంట్లో పెట్టి, పొద్దున మళ్ళీ బిగించడం మాకు ఆచారమైపోయింది.

కొన్నాళ్ళకు అక్కకు మద్రాసులో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. మా అవ్వ, అంటే నాయన తల్లి, ఆడపిల్లకు ఆ పనేమిటని ఎంత సణిగినా, అక్క పట్టుబట్టి నాయన చేత ఊఁ అనిపించుకుంది. దసరా మరునాడే చేరడానికి ఆఖరు రోజు. దశమి నాడు బయలుదేరితే అన్నీ జయమేనని, ఆ పొద్దున గూడూరులో రైలెక్కించాలని నాయన నిర్ణయించాడు.

అక్క కొత్త చీర కట్టుకుని, ట్రంకు పెట్టె సర్దుకుని వచ్చి కూర్చుంది. కారు కదిలితేనా! సెల్ఫ్ మూలిగి ఊరుకుంది. హ్యాండిల్ తిప్పి తిప్పి నా భుజాలు పడిపోయాయి. ప్లగ్గులు విప్పి తుడిచి బిగించాను, కార్బొరేటర్ ఊది పెట్టాను, ఊళ్ళో వాళ్ళంతా చేరి ఇసుకలో తోశారు. మూత వంక మాత్రం ఎవరం చూడలేదు. ముందురోజే శుభ్రం చేసి ఆయుధపూజ పీట మీద పెట్టి, పొద్దున హారతి అయ్యాక నాయన స్వయంగా బిగించినది కదా. అంతలో రైలు వేళ దాటిపోయింది.

అప్పుడు ఉక్రోషం కొద్దీ ఆ మూత పెరికి చూశాను. లోపల ఇత్తడి మొనలన్నిటికీ వరసగా తడి పసుపూ, కుంకుమా! హారతికి ముందు మా అవ్వ స్పానర్లతో పాటు దానికీ భక్తి కొద్దీ లోపలా బయటా బొట్లు పెట్టేసింది. పెట్టిన బొట్టు తుడవకూడదని నాయన అలాగే బిగించేశాడు. నేను పంచె కొసతో తుడిచి, మూత పెట్టి, ఒక్క తిప్పు తిప్పానో లేదో బండి గర్రుమని లేచింది. సాయంత్రం ఇంకో రైలు ఉంది. అక్క మొహంలోకి ప్రాణం వచ్చింది.

“పూజ చేసిన బొట్టు తుడిచేసినావంట్రా?” అని నా మీద అరిచి, నాయన వైపు తిరిగి, “అమ్మవారే వద్దనింది, బిడ్డను పంపబాకరా నాయనా,” అంటూ అవ్వ వాకిట్లో కూలబడింది.

“అడ్డం పడింది అమ్మవారు కాదు నాయనా, పసుపు!” అని నేను గొంతు చించుకున్నాను. నాయన ఇంజను ఆపేసి, తాళం జేబులో వేసుకున్నాడు. దశమి ప్రయాణం ఆగిందంటే శకునం మంచిది కాదన్నాడు. చెడ్డవాడు కాదు, కూతురికి ఏమవుతుందోనని భయపడ్డాడు, అంతే. ఎంత మొత్తుకున్నా అదే మాట. అక్క పెట్టె తనే దించుకుని లోపలికి పోయింది. ఆ సీటు ఎవరికి పోయిందో ఏమో.

ఇప్పుడు మా ఊరి ఆడపిల్లలు అమావాస్య అనకుండా, మంగళవారం అనకుండా నెల్లూరు కాలేజీలకు పోయి వస్తున్నారు. చూస్తే సంతోషంగానే ఉంటుంది, ఆ వెంటనే అక్క ట్రంకు పెట్టె గుర్తొస్తుంది. కిందటేడు అక్కను నెల్లూరు ఆసుపత్రిలో చేర్చినప్పుడు, సూది వేయడానికి వచ్చిన నర్సమ్మాయి చేతులవంకే అక్క చాలాసేపు చూసి, ట్రైనింగుకు ఎట్టా పోయి చేరినావమ్మా అని అడిగింది.

“బస్సెక్కి పోయినానవ్వా, ఇంకెట్టా పోతారు?” అని ఆ పిల్ల నవ్వింది. అక్క కూడా నవ్వింది. నాకు మాత్రం నవ్వు రాలేదు.