ఒక్క బావికి రెండు వేలిముద్రలు

మా మేనత్త పోయిందన్న కబురు ఆదివారం చర్చి నుంచి బయటికి వస్తుండగా తెలిసింది. చిట్కుల్ నుంచి సైకిల్ మీద వచ్చిన మనిషి ఆ మాట చెప్పగానే, బాపు చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి రోడ్డెక్కాడు. ఆమె ఆయనకు అక్క. తల్లి లేని ఆయన్ను పెంచి పెద్దచేసింది ఆమే.

అత్తమ్మ చదువుకోలేదు. మామయ్య తొందరగా పోతే మూడెకరాల సేద్యం ఒక్కతే చేసుకుంది. ఎవరినీ ఊరికే నమ్మేది కాదు. విత్తనాలు కొంటే సంచి అడుగు దాకా చెయ్యి పెట్టి పిడికెడు తీసి చూసేది. ఎవరైనా మెచ్చుకుంటే, "ఏం గావాలె నీకు?" అనేది. పండుగకు చీర తీసుకెళ్తే నన్నూ అదే అడిగింది.

కరువొచ్చిన ఏడు, బావులు లోతు చేసుకోవడానికి సర్కారు సబ్సిడీ ఇస్తుందన్నారు. రోడ్డు పొడవునా ఫ్యాక్టరీల కోసం భూములు అడుగుతున్న రోజులవి. అప్పుడు మేమూ చిట్కుల్‌లోనే ఉండేవాళ్ళం. దరఖాస్తులు తానే పెట్టిస్తానన్న ఒక మధ్యవర్తిని బాపు ఇంటికి తీసుకొచ్చాడు. మా అరుగు మీద రైతులంతా రెండేసి కాగితాల మీద వేలిముద్రలు వేశారు. అత్తమ్మ వంతు వచ్చింది. ఒక ముద్ర వేయించుకున్నాక ఆయన ఇంకో కాగితం ముందుకు జరిపాడు.

"ఒక్క బాయికి రెండేలుముద్రలెందుకయ్యా?"

"ఆఫీసుల గట్లనే అడుగుతరమ్మా. జెర జల్దీ కానియ్యి."

నేను అప్పుడే టీచరుగా చేరాను. నా వైపు తిరిగింది. "బిడ్డా, గీ కాగితం సదువు."

"ఏం రాసి లేదు అత్తమ్మా. ఖాళీగ ఉన్నది."

"ఏం లేనిదానికి నేనేం ఒప్పుకున్నట్టు?"

"నా ఇజ్జత్ తీస్తున్నవక్కా!" అని బాపు అరిచాడు. ఆమె లేచింది. అందరూ ముద్రలు వేసిన ఖాళీ కాగితాలన్నీ లాక్కొని, లోపలికి వెళ్ళి పొయ్యిలో పెట్టింది. ఆ మనిషి మిగతా దరఖాస్తులు కూడా తీసుకొని వెళ్ళిపోయాడు.

వచ్చే డబ్బు చెడగొట్టిందని ఊరంతా ఆమెను తిట్టింది. ఆ ఏడు దున్నడానికి ఎద్దులు ఎవరూ ఇవ్వలేదు. బాపు ఆమె గడప తొక్కలేదు.

మా బడికి సెలవున్న రోజు చూసి అత్తమ్మ నన్ను వెంటబెట్టుకొని సంగారెడ్డి ఆఫీసుకు బయలుదేరింది. దరఖాస్తు ఉచితమనీ, ఒక్క ముద్ర చాలనీ అక్కడి గుమస్తా చెప్పాడు. ఆ దరఖాస్తు నాతో మూడుసార్లు చదివించుకుంది. తిరుగు బస్సులో మెల్లగా అడిగింది: "ఆ వేలిముద్రలాయన నీకేమన్న ఇస్తనన్నడా?" నేను ఏడ్చాను. ఆమె ఓదార్చలేదు. మర్నాడు గంపెడు బీరకాయలు పంపింది. ఆఫీసు నుంచి తెచ్చిన దరఖాస్తులు మాత్రం తనను తిట్టినవాళ్ళకు కూడా పంచింది.

డబ్బు ఆలస్యంగానైనా వచ్చింది. ఆలోగా ఇంకో ఊళ్ళో, అలాంటి ఖాళీ కాగితమే భూమి అమ్ముతానన్న ఒప్పుకోలుగా మారిందని తెలిసింది. ఆ సాయంత్రం బాపు అన్నం ముట్టలేదు.

తెల్లారి గడ్డపార భుజాన వేసుకొని అత్తమ్మ బావి దగ్గరికి వెళ్ళాడు. క్షమించమని అడగలేదు. ఆమె కూడా అడగనివ్వలేదు. "నడుముకు తాడు కట్టుకో," అంది అంతే. ఆయన దిగబోయాడు. తాడు పట్టుకోవడానికి ఇద్దరు కూలీలు ముందుకొచ్చారు. ఆమె వాళ్ళ ముఖాలు ఎగాదిగా చూసింది. తాడు రెండో కొస తన నడుముకే రెండు చుట్లు చుట్టుకొని, మడమలు మట్టిలో గుచ్చి, తమ్ముడు పైకి వచ్చేదాకా అలాగే నిలబడింది.