క్యారేజీ ముడి

తల ముగ్గుబుట్టయింది, మోకాళ్లు మెట్లను చూస్తేనే మొరాయిస్తున్నాయి, అయినా ఆస్పత్రి లెక్కలో ఆయన ఇంకా వార్డు బాయే. ఈ 'బాయ్' అన్న మాట పెట్టిన మహానుభావుడెవరో గానీ, ఒక్క పూట ఆ స్ట్రెచర్ తోసి ఉంటే ఇంకో మాట వెతుక్కునేవాడు. తోటి పనివాళ్లకు మాత్రం అలా పిలవడానికి నోరు రాక బండిమామ అనేవారు. పొద్దున డ్యూటీ ఎక్కింది మొదలు దిగేదాకా రోగుల్ని వార్డు నుంచి ఆపరేషన్ గదికి, అక్కడి నుంచి మళ్లీ వార్డుకి తోయడమే ఆయన పని. ఆ బండి చక్రాల్లో ఒకటి ఎప్పుడూ పక్కకి లాగేది. దాన్ని దారిలో పెట్టడానికి నడుం ఓ పక్కకి వంచీ వంచీ, చేతిలో బండి లేనప్పుడు కూడా ఆయన అలాగే నడిచేవాడు.

పాత భవనంలో వార్డులు, కొత్త భవనంలో ఆపరేషన్ గది. రెంటికీ మధ్య పైకప్పు లేని కాస్త దారి. మొదట్లో ఆయన అక్కడ బండి ఆపింది పుణ్యానికేం కాదు, ఆయాసం తీర్చుకోవడానికి. ఒకసారి బండి మీదున్న ముసలాయన పైకి చూసి, "అబ్బ, గాలి" అన్నాడట. మంచం మీద పడి ఎన్నాళ్లయిందో, సీలింగూ ఫ్యానూ తప్ప ఏమీ చూడని మనిషి. ఆ ఒక్క మాటతో ముసలాయన మొహంలో బెదురు కాస్త దిగింది. అది చూశాక బండిమామకి అలవాటైపోయింది. ఎవరిని తీసుకెళ్తున్నా అక్కడ ఆపేవాడు. డాబా మీద ఆరేసిన దుప్పట్లు గాలికి ఎలా పొంగుతున్నాయో చూడమనేవాడు. ఆ తర్వాత, "ఇంట్లో రోజూ మీకు హాయిగా అనిపించేదేదో ఒకటి తలుచుకోండి. తిరిగెళ్లాక అది అక్కడే ఉంటుంది" అనేవాడు. ఒకరు వేన్నీళ్ల స్నానం అనేవారు. ఇంకొకరు తన దిండు అనేవారు. షట్టరు ఎత్తగానే కొట్లోంచి వచ్చే కొత్త గుడ్డల వాసన అన్నాడు ఒక బట్టల కొట్టాయన. బండిమామ అన్నీ వినేవాడు, ఊ కొట్టేవాడు, మళ్లీ నడుం వంచి తోసేవాడు.

ఇంతా చేసి ఇల్లు చేరితే మనిషి ఉలకడు, పలకడు. కాళ్లీడ్చుకుంటూ వచ్చి, చెప్పులు విడిచి, స్నానం చేసి గోడకి చేరగిలబడేవాడు. ఆస్పత్రి గోల ఇంటికి తేకూడదని మొదట్లో పెట్టుకున్న నియమం అది. పోనుపోను ఆ గోలతో పాటు మిగతా మాటలు కూడా గడప అవతలే ఉండిపోయాయి. భార్య ఏదడిగినా ఊ, లేకపోతే ఉహూ. మనిషి చిన్నదే అయినా ఆవిడకి ఓపిక పెద్దది. కుక్కరుతోనో కుళాయితోనో మాట్లాడుకున్నట్టు తనే అడిగి, తనే జవాబు చెప్పుకుని, తనే నవ్వుకునేది. ఒక్కోసారి నవ్వు కూడా వచ్చేది కాదు. పొద్దున్నే లేచి వండి, క్యారేజీ సర్ది, గుడ్డలో పెట్టి ముడివేసి చేతికిచ్చేది. ఆయన తీసుకుని వెళ్లిపోయేవాడు. బాగుందని గానీ బాగాలేదని గానీ ఇన్నేళ్లలో ఒక్కనాడు అన్నాడా అంటే, లేదు.

ఇలా ఉండగా పక్కింటి దర్జీ ఆవిడకి పిత్తాశయంలో రాళ్లు తీశారు. ఇంటికొచ్చి కాస్త తేరుకున్నాక పిట్టగోడ దగ్గర నిలబడి, "వదినా, అన్నయ్యగారు లేకపోతే నేను భయంతోనే పోయేదాన్ని. ఎంత బాగా మాట్లాడతారో" అంది. ఈవిడ చేతిలో తడిబట్ట అలాగే ఉండిపోయింది. ఎవరి గురించి చెబుతున్నావు అని అడిగింది. మీ ఆయన గురించే, ఇంకెవరి గురించి అని దర్జీ ఆవిడ జరిగిందంతా చెప్పుకొచ్చింది. మీకేది హాయిగా ఉంటుంది అని ఆయన అడిగితే తను చెప్పిందట, ఊరుకోక మరి మీకో అని తిరిగి అడిగిందట. "మా ఆవిడ క్యారేజీకి వేసే ముడి అన్నారు వదినా. మధ్యాహ్నం ఆ ముడి విప్పేటప్పుడు ఒక్క నిమిషం ఇంట్లో ఉన్నట్టే ఉంటుందట. రోజంతా దానికోసమే చూస్తారట."

దర్జీ ఆవిడ మెచ్చుకోలుగానే చెప్పింది. వినే మనిషికి మాత్రం సంతోషం రాలేదు, ఉక్రోషం వచ్చింది. ఊళ్లోవాళ్లకి చెప్పే నోరు నా దగ్గరే పడిపోయిందా అనుకుంది. ఆ సాయంత్రం నిష్ఠూరంగా అడిగేసింది కూడా. ఆయన తల తుడుచుకుంటూ, "అదంతా డ్యూటీ" అన్నాడు. ఆవిడ మూతి ముడుచుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు కూడా ముడివేసి ఇచ్చింది. అది ఎప్పటికంటే బిగుతుగా ఉంది.

ఆ కోపం పూర్తిగా చల్లారకముందే ఆవిడకి కడుపులో గడ్డ బయటపడింది. తీసి చూస్తేగానీ ఏ సంగతీ చెప్పలేమన్నారు డాక్టర్లు. బండిమామ పనిచేసే ఆస్పత్రిలోనే చేర్చారు. అయినవాళ్లని తోయనక్కర్లేదు, ఇంకొకరిని పంపుతామని నర్సమ్మ చెప్పింది. ఆవిడ వినలేదు, ఆయనే తోయాలంది. ఎందుకో ఆయనకి తెలుసు.

పాత భవనం దాటి ఆరుబయటికి రాగానే ఆయన బండి ఆపాడు. డాబా మీద దుప్పట్లు పొంగుతూనే ఉన్నాయి. ఆవిడ కాసేపు వాటినే చూసింది.

"చెప్పండి. దర్జీ ఆవిడకి చెప్పింది నాకూ చెప్పండి. తీరా నేను తిరిగి రాకపోతే..."

ఆయన నోరు తెరిచాడు. ఎంతమంది ముక్కూ మొహం తెలియని వాళ్లకి ఇక్కడే నిలబడి గడగడా చెప్పాడో! ఇప్పుడు ఒక్క మాట పెగల్లేదు. చివరికి దుప్పటి ఆవిడ భుజాల మీదికి లాగి, "చలేస్తోందా?" అన్నాడు.

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, అలసటగా నవ్వి, ఇక పదండి అంది. ఆయన తోశాడు. చక్రం ఆవేళ కూడా పక్కకే లాగింది.

తలుపులు మూసుకున్నాక బయట బల్ల మీద కూర్చుని తన్ను తాను తిట్టుకున్నాడు. ఇన్నేళ్లూ ఆమె ఇంటెడు చాకిరీ చేసి అడిగింది ఒక్క మాట, అది కూడా ఇవ్వలేకపోయానే అని కుమిలిపోయాడు. ఆవిడని బయటికి తెచ్చేసరికి ఇంకా మత్తులోనే ఉంది. తిరుగుదారిలో మళ్లీ అక్కడ ఆపాడు. అప్పుడు వచ్చాయి మాటలు. ముడి సంగతి, ఆమె చేసే బెండకాయ వేపుడు తనకెంత ఇష్టమో ఆ సంగతి, ఆమె కుళాయితో మాట్లాడుతుంటే గోడ అవతల కూర్చుని తను విన్న సంగతి, అన్నీ చెప్పాడు. ఆవిడ కళ్లు తెరవలేదు, వినలేదు. కళ్లు తుడుచుకుని వార్డులోకి తోసుకెళ్లాడు.

గడ్డ ప్రమాదమైనది కాదని తేలింది. ఆవిడ ఇంటికొచ్చింది, బరువులెత్తకుండా మంచం మీదే ఉండాలన్నారు. పెట్టిన సెలవు అయిపోయి మళ్లీ డ్యూటీ ఎక్కే రోజు పొద్దున్నే ఆయన తనే అన్నం వండుకుని, తనే సర్దుకుని, గుడ్డ కడుతూ తంటాలు పడుతున్నాడు. ముడి వేసినట్టే ఉంటుంది, చేత్తో ఎత్తగానే జారిపోతుంది. పక్కగదిలోంచి ఆవిడ, ఇలా తెండి అంది. పడుకునే రెండు కొసలూ పట్టుకుని బిగించి ఇచ్చింది. ఏమీ అడగలేదు. అడగడం మానేసినట్టుంది.

మధ్యాహ్నం మెట్ల కింద తనకలవాటైన చోట కూర్చుని ఆయన క్యారేజీ ముందు పెట్టుకున్నాడు. కాళ్లు పోట్లు పెడుతున్నాయి. ముడి మీద చెయ్యి వేసి, తీసేసి, జేబులోంచి ఫోను బయటికి తీశాడు. డ్యూటీలోంచి ఇంటికి ఫోను చేసింది ఎన్నడూ లేదు. ఆవిడ మొదటి మోతకే ఎత్తింది.

"ఏమైందండీ?"

"ఏం కాలేదు. అన్నానికి కూర్చున్నాను."

"ఊఁ."

"ముడి విప్పుతున్నా." మళ్లీ ముడి మీద చెయ్యి వేశాడు. "రోజూ దీనికోసమే చూస్తానే. పొద్దుట్నించీ దీనికోసమే. నీకు చెప్పనేలేదు."

లైను తెగిపోయిందేమోనని ఫోను ఇంకా దగ్గరగా పెట్టుకున్నాడు. ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

"గట్టిగా పడిందా?" అంది ఆవిడ.

"బాగా గట్టిగా పడింది. రావట్లేదు."

"ఉండనివ్వండి. మెల్లిగా విప్పుకోండి. నేను లైన్లోనే ఉంటాను."