చల్లారాక చిక్కబడిన షాంపూ

కాలేజీలో ముప్పైయేళ్లు రసాయన శాస్త్రం చెప్పి రిటైరైన నాకు, ఐరాలలోని మా వంటింట్లో అటెండరు ఉద్యోగానికి కూడా అర్హత లేదని ఒక గురువారం నాడు తెలిసింది.

మా ఆవిడ కుంకుడుకాయలు ఉడికించి షాంపూ చేస్తుంది. నురగకు లోటు లేదు. చేతిలో పోసుకుంటే మాత్రం వేళ్ల సందుల్లోంచి జారిపోతుంది. కాణిపాకంలో అంగడి పెట్టుకున్న ఒకాయన సీసా ఊపి చూసి, "అక్కా, ఇది రసం మాదిరి ఉండాది. చిక్కంగా చేసిస్తే నా అంగట్లో పెడతా. బేస్తవారం సాయంత్రం వచ్చి సూస్తా" అన్నాడు. మా ఆవిడ సరుకు అడిగిన మొదటి అంగడి అది. ఆమెకు రెండు రోజులు నిద్ర లేదు.

"అదెంత పని!" అన్నాను. తిరుపతి వెళ్లి, సబ్బుల సామాన్లు అమ్మేచోట సెల్యులోజ్ పొడి తెచ్చాను. చెట్ల పీచు నుంచి తీసే తెల్లటి పొడి, నీళ్లను చిక్కబరుస్తుంది. ఆయన వస్తానన్న గురువారం పొద్దున ఆమె కుంకుడు నీళ్లు దించగానే చెంచాడు వేసి తిప్పాను. పలచగానే ఉంది. పొయ్యి మీదే గట్టిపడే రాగిసంగటి తిని పెరిగిన ఒళ్లు నాది. వేడి మీద చిక్కబడనిది ఇక ఎప్పటికీ చిక్కబడదని నా నమ్మకం. ఇంకో చెంచా. ఇంకోటి.

"ఏందయ్యా, అట్ల గుమ్మరిస్తాండావు? పొట్లం మీద ఏం రాసిండాదో సూసినావా?"

"ఏమ్మే, పిల్లకాయలకు పాఠం చెప్పినోడికి పొట్లం పాఠం చెప్తాదా?"

పొట్లం చెప్పింది ఒకటే ముక్క: వేడిలో కలపండి, చల్లారాక చిక్కబడుతుంది.

మధ్యాహ్నం భోజనాలయ్యేసరికి గిన్నె బోర్లించినా షాంపూ కదల్లేదు. చిక్కదనం కోసం పోయి చిక్కులో పడ్డాను.

"ముద్ద చేసి పెట్టేదా? ఊరుబిండి పచ్చడి ఏసుకోని తిందువు" అంది మా ఆవిడ. నవ్వింది గానీ, కళ్లు గడియారం మీదే ఉన్నాయి. ముందురోజు మిగిలిన పలచటి కుంకుడు రసాన్ని చల్లగానే కొద్దికొద్దిగా పోస్తూ, కవ్వంతో చిలకడం మొదలుపెట్టింది. చేతులు మార్చుకుంటూ గంటకు పైగా చిలికింది. ముద్ద కరిగి, తేనెలాగా సీసాల్లోకి దిగింది.

సాయంత్రం అంగడాయన సీసా వంచి చూశాడు. "ఇదీ సరుకంటే! పది సీసాలు ఇప్పుడే ఎత్తుకోని పోతా. సారు సదువు ఊరికే పోతాదా అక్కా!"

కాదనడానికి నేను నోరు తెరిచానో లేదో సరిగా గుర్తు లేదు. మా ఆవిడకు గుర్తుంది. పై వారానికి ఇరవై సీసాలు చెప్పి ఆయన వెళ్లగానే, కుంకుడుకాయల బుట్ట, ఒక రాయి తెచ్చి నా ముందు పెట్టింది.

"ఇత్తులు తీసిపెట్టు సారూ. దీనికి పొట్లం సదివే పని లేదు."