సున్నపు గీత అవతల రత్నకుమారి గారు

వ్యాయామోపాధ్యాయిని శ్రీమతి రత్నకుమారి గారు ఇక లేరు. మొన్న మంగళవారం ఉదయం, హనుమాన్ జంక్షన్ దగ్గర మా బడిలో ప్రార్థన ముగిసే వేళకు, భవానీపురం నుంచి ఆమె కూతురు ఫోన్ చేసింది. "అమ్మ నిద్రలోనే పోయిందక్కా" అంది. పిల్లల్ని తరగతులకు పంపడానికి నేను విజిల్ ఊదాలి. ఊదకుండా ఫోన్ పట్టుకునే నిలబడ్డాను. పక్కనున్న లెక్కల మాస్టారు చప్పట్లు కొట్టి పంపించారు.

ఆమె నాకు గురువు, తరవాత సహోద్యోగి. మాది నేత కుటుంబం. ఆమె తొలి ఉద్యోగం మా ఊరి హైస్కూల్లోనే. నన్ను ఖోఖో జట్టులోకి అడగడానికి ఒకరోజు స్వయంగా మా ఇంటికొచ్చారు. నాన్న మగ్గం గుంటలోంచి లేవకుండానే, "ఆడపిల్ల ఆటలాడి ఏం చేసుద్దండీ?" అన్నాడు. "నాలాగా ఉద్యోగం చేసుద్ది అన్నయ్యగారూ. రేపు నామీద అధికారం కూడా చేసుద్ది" అని నవ్వారామె. ఆ మాటలో సగమే నిజమైంది.

ఆమె తీర్చిదిద్దిన బాలికల జట్లు ఎన్నో పోటీలకు వెళ్లాయి. ప్రతిసారీ కోచ్‌గా ఒక పురుషుడి పేరు ఉండేది, ఆమెది తోడు వెళ్లే ఎస్కార్ట్ హోదా. ఒకసారి ఫైనల్లో, విరామ సమయంలో మేమంతా ఆమె దగ్గరకు పరిగెత్తాం. ఆమె ఒక అడుగు ముందుకు వేయగానే, "ఎస్కార్ట్ మేడమ్ ఈ గీత దాటకూడదండీ" అన్నాడు రిఫరీ. పేరుకు కోచ్ అయిన పెద్దమనిషి నీడలో కూర్చుని పేపరు చదువుకుంటున్నాడు. మేడమ్ ఆ సున్నపు గీత అవతలే నిలబడి చేతి సైగలతో ఆడించారు. గెలిచాం. పత్రికలో ఆయన ఫొటో వచ్చింది.

జిల్లా పాఠశాల క్రీడలకు కార్యదర్శిని ఓట్లతో ఎన్నుకోవడం మా వ్యాయామోపాధ్యాయుల్లో లేదు. సీనియర్ పేరు పెద్దాయన ఒకరు చెబుతారు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు. నేనూ ఈ ఉద్యోగంలో చేరాక, ఒక ఏడాది ఆ వంతు మేడమ్‌కు వచ్చింది. ఆమెకు పదవీ వ్యామోహం లేదు. మా జిల్లాలో ఉదయపు చల్లదనమంతా అబ్బాయిల ఆటలకు, మిట్టమధ్యాహ్నపు ఎండ అమ్మాయిలకు. స్పృహ తప్పిన పిల్లలను ఎందరినో ఆమె ఒడిలో పడుకోబెట్టుకున్నారు. "ఒక్క ఏడాది ఇస్తే చాలే, ఆడపిల్లల ఆటలు పొద్దున్నే పెట్టిస్తా" అనేవారు నాతో.

సమావేశం మొదలవుతుండగా పెద్దాయన, "మేడమ్ గారూ, కాఫీలు ఎందాకా వచ్చినయ్యో కాస్త చూస్తారా? మీరు చూస్తేనే పనవుద్ది" అన్నారు. సభా మర్యాద తెలిసిన మనిషి, లేచి వెళ్లారు. ఆమె గుమ్మం దాటగానే ఆమెకన్నా ఎంతో జూనియర్ అయిన ఒకతని పేరు వినిపించింది. "సార్, ఈసారి మేడమ్ వంతు కదండీ?" అన్నాను. "ఆవిడకెందుకమ్మా ఈ తిరుగుళ్లు? గౌరవంగా కూర్చోబెట్టుకుందాం" అన్నారు. చప్పట్లు కొట్టేశారు.

ఫ్లాస్క్ పట్టుకుని వచ్చిన మేడమ్‌కు ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. "కంగ్రాట్స్ తమ్ముడూ. ఆడపిల్లల ఆటలు మాత్రం పొద్దున్నే పెట్టించు" అన్నారు. "తప్పకుండా అక్కా" అన్నాడతను. పెట్టించలేదు. తిరుగు ప్రయాణంలో, బస్సులో ఆమె అన్న మాట నా గుండెలో ఇంకా గుచ్చుకుంటూనే ఉంది: "అడిగితే పదవీకాంక్ష అంటారు, అడక్కపోతే ఆసక్తి లేదంటారు. మరి మనం ఎట్లా ఉండాలే?" ఆమె రిటైరయ్యారు. నాకూ జుట్టు నెరిసింది.

నిన్న సంతాప సభ జరిగింది. వక్తలంతా ఆమెను మాతృమూర్తి అన్నారు, సహనశీలి అన్నారు. ఆమె గొప్ప కోచ్ అని ఒక్కరూ అనలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. చివరికి ఆమె స్మృత్యర్థం ఏటా బాలికలకు ఖోఖో పోటీలు నిర్వహిస్తామని ప్రకటించి, నిర్వాహక సంఘం పేర్లు చదివారు. అందరూ పురుషులే. పోటీలు ఎన్నింటికని లేచి అడిగాను.

"ఉదయం గ్రౌండ్ ఖాళీ ఉండదమ్మా. మధ్యాహ్నం పెడదాం" అన్నారు పేర్లు చదివినాయన.

మేడమ్, మీకు నమస్కారం. మీ పేరుమీదే మన పిల్లలు మళ్లీ ఎండలో పరిగెత్తబోతున్నారు.