గంగులయ్య గుండె పరుగు

పలమనేరులో ఒక డాక్టరు దగ్గర నాలుగేళ్లు సీసాలు కడిగి, ఆ చేతులతోనే పుంగనూరు బస్టాండు పక్కన డాక్టరై కూర్చున్న ఘనుడు గంగులయ్య. జ్వరమొస్తే సూది, విరేచనాలకు సూది, పెళ్లాంతో పోట్లాడి నిద్రపట్టలేదన్నా సూదే. మదనపల్లె పెద్దాసుపత్రి మాటెత్తితే, "ఆడ మిషన్లుండాయి గానీ హస్తవాసి యాడుండాదప్పా?" అనేవాడు.

1978 వేసవిలో ఒక పొద్దున, ఎవరికో సూది పొడవబోతుంటే ఆయన గుండె ఉన్నట్టుండి పరుగందుకుంది. చొక్కా జేబు అదిరిపోతోంది. నాడి లెక్కకు అందలేదు. తన మందు తానే వేసుకునేంత వెర్రివాడు మాత్రం కాదు. తలకు తువ్వాలు చుట్టుకుని మదనపల్లె బస్సెక్కాడు. పక్కసీటు నాదే. "ఊర్లో చెప్పగాకప్పా" అని బతిమాలాడు. చెప్పలేదు. రాస్తున్నానంతే.

చెయ్యిపట్టి ఆస్పత్రికి నడిపించాను. నర్సు వరలక్ష్మి గడియారం చూస్తూ నాడి పట్టింది: నూటతొంభై. బీపీ చూసి, ఈసీజీ తీశారు. డాక్టరు ఆ కాగితం చూసి, "ముందు ముక్కించమ్మా. తగ్గకుంటే అప్పుడు మందు చూద్దాం" అన్నాడు.

"అప్పా, దొడ్డికి రాకుంటే ముక్కుతావే, అట్ల ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కు" అంది వరలక్ష్మి.

గంగులయ్య కదల్లేదు. కారణం, పక్క మంచం దగ్గర రహీమా నిలబడి ఉంది. పుంగనూరులో ఆయన చేత ఏడాదికి ఇరవై సూదులు పొడిపించుకునే మనిషి.

"ఇదేం వైద్యం? సూది ఏసేయమ్మా" అని గొణిగాడు. ఒళ్లంతా చెమట. పెదాలు పాలిపోయాయి.

"ఓ డాక్టరప్పా! నువ్వేంది ఈడ?" అంది రహీమా. "పానం పోతాంటే సిగ్గు యాలప్పా? నేను అట్ల తిరుక్కుంటా, నువ్వు ముక్కు!"

ఆమె గోడవైపు తిరిగింది. వార్డంతా ఇటు తిరిగింది.

కళ్లు మూసుకుని ముక్కాడు. తగ్గలేదు. మొహం కందగడ్డయ్యేలా మళ్లీ ముక్కాడు. గుండె ఒక్క కుదుపు కుదిపి, నింపాదిగా నడక మొదలెట్టింది. నాడి ఎనభై.

"సూది లేకనే తగ్గిందే!" అంది రహీమా, గోడవైపు నుంచే.

బుద్ధి వచ్చిందనుకుంటారేమో. ఆ వారమే పంటినొప్పితో ఆయన దగ్గరికే వెళ్లాను. నన్ను బల్లమీద పడుకోబెట్టి, "మదనపల్లె డాక్టర్లూ నేనూ మాట్లాడుకున్న కొత్త పద్ధతప్పా ఇది. ఊపిరి బిగబట్టి ముక్కు" అన్నాడు.

ఆరుగురు చూస్తుండగా ముక్కాను. పన్ను అలాగే పోటు పెట్టింది.