గంగామణి నెత్తిన బల్లి

ఇన్నేళ్లుగా నేను మోస్తున్న బరువు ఎంతో తెలుసా? ఒక బల్లి అంత. నవ్వొస్తోందా? మొదట్లో నాకూ నవ్వే వచ్చింది.

ఎనభైల్లో ఆర్మూర్‌లో ఓ ప్రైవేటు బడిలో సైన్సు చెప్పేవాణ్ణి. కుర్రతనం, పొగరు. పుస్తకం చదివి వినిపించడమంటే నామోషీ. తొండను, నీళ్లపామును, బల్లిని సీసాల్లో పట్టుకొచ్చి పిల్లల చేతుల్లో పెట్టేవాణ్ణి. భయం పోగొట్టడానికని అందరికీ చెప్పుకున్నాను. మొదట్లో అది నిజమేనేమో. కానీ పోనుపోను, వణికే పిడికిలిని నా వేళ్లతో విప్పి అందులో తొండను పెడితే, ఆ పిల్ల కెవ్వుమంటే, క్లాసంతా గొల్లుమంటే, ఆ నవ్వు నాకు మహా ఇష్టంగా ఉండేది. ఏడ్చినవాళ్లనే మళ్లీ పిలిచేవాణ్ణి. ఎందుకు? భయం పోగొట్టడానికేనా? ఛీ.

గంగామణి ఆరో తరగతి, పసుపు రైతు కూతురు. తొండను పట్టుకోమంటే పట్టుకుంది. బల్లి దగ్గరికొచ్చేసరికి వెనక్కి జరిగింది. నెత్తిన బల్లి పడితే ఇంట్లో చావు వస్తుందని వాళ్లమ్మ చెప్పిందట. నాకు ఒళ్లు మండింది. జడ పట్టి ముందుకు లాగి, బల్లిని పాపిట మీద వదిలాను. అది జుట్టులో పాకి, నా భుజం మీదికి దూకి, కిటికీలోంచి పారిపోయింది. పిల్ల ఏడవలేదు, కట్టెలా బిగుసుకుపోయింది.

"ఇంటికి పోయి తలస్నానం చేసినవో, రేపు బడికి రాకు" అన్నాను. స్నానం చేసి దీపం పెడితే దోషం పోతుందని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకాన్ని విరగ్గొట్టాలని నా పంతం. చెప్పినట్టే విన్నది పాపం. తల తడపలేదు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

ఆ వారంలోనే వాళ్ల నాన్న పోయాడు. జక్రాన్‌పల్లి దగ్గర పసుపు బస్తాల ట్రాక్టర్ బోల్తా పడింది. ఏడుపుల్లో పిల్ల బల్లి సంగతి బయటపెట్టేసిందట. దినాలు కాగానే తల్లి గంగామణిని రెక్క పట్టుకుని బడికి ఈడ్చుకొచ్చింది. వెంట ఆమె మరుదులిద్దరు.

"సార్, గీ పిల్ల నెత్తిమీద మీరే బల్లిని పెట్టిన్రంట. తానం చెయ్యొద్దన్నరంట. నిజమేనా?"

బల్లికీ ట్రాక్టర్‌కీ ఏం సంబంధమమ్మా! ఈ ఒక్క మాట అంటే చాలు. రోజూ క్లాసులో గొంతు చించుకుని చెప్పేది అదే కదా. ఆ మరుదుల మొహాలు చూశాను.

"నేనెందుకు పెడతనమ్మా? ఆడుకుంట తనే పెట్టుకుంది. తలస్నానం చెయ్యమని నేనే చెప్పి పంపిన."

"సార్, గట్లంటరేంది సార్..." అన్నది పిల్ల.

తల్లి చెంప పగలగొట్టింది. "నాయినను మింగినవు కదనే!" అని మళ్లీ మళ్లీ కొట్టింది. నేను చెయ్యైనా అడ్డం పెట్టలేదు. నిలబడి చూశాను.

బడి మాన్పించారు. ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆమెను ఎదురు రానివ్వరని, ఆ రోజు పొలానికి పంపేస్తారని విన్నాను. విని ఊరుకున్నాను. తొంభైల్లో ఒకసారి మార్కెట్ యార్డులో కనిపించింది, కూలికి పసుపు కొమ్ములు ఏరుతూ. "నమస్తే సార్" అన్నది. ఉమ్మేసినా బాగుండేది. మొహం తిప్పుకుని వచ్చేశాను.

ఇంకోటి ఉంది. అసలుది ఇదే. ఆ పిల్లకు తలస్నానం వద్దన్న సాయంత్రం నేనేం చేశానో తెలుసా? బల్లి నా మీదికీ దూకింది కదా. ఇంటికి పోగానే నెత్తి మీంచి బకెట్లకు బకెట్లు పోసుకున్నాను. తడి బట్టలతోనే దేవుడి ముందు దీపం పెట్టాను. మా అమ్మకు ఏమీ కాకూడదని మొక్కుకున్నాను. అమ్మకు ఏమీ కాలేదు.

ఇది గంగామణికి చెప్పాల్సిన మాట. మీకు చెప్పాను. నా ధైర్యం ఇంతే. అయినా, దాచడమెందుకు, చాన్నాళ్లకు ఊపిరి నిండుగా ఆడుతోంది. ఆ సుఖం కూడా నాకే.