ఉడికించిన దాణా

మా ముత్తాత నాలుగు ఊళ్ళకు శిస్తు వసూలు చేసే మాలీపటేలు. తాత కాలానికి ఊళ్ళు తగ్గినా ఎడ్లు తగ్గలేదు. ఆదిలాబాద్ వైపు నుంచి పత్తి బండ్లు తోలుకొచ్చే మరాఠీవాళ్ళు దారి మళ్ళి వచ్చి మా కొట్టం చూసి పోయేవారట. మా కొట్టంలో ఏ పశువుకూ పచ్చి దాణా పెట్టలేదు. ఉలవలు మెత్తగా ఉడికించి, గోరువెచ్చగా ఉన్నప్పుడే పెట్టేవారు. గొప్పకు రాయడం లేదు. మమ్మల్ని ఎరిగినవాళ్ళు ఇప్పటికీ మొదట చెప్పేది ఆ ఎడ్ల సంగతే.

నాకు బుద్ధి తెలిసేసరికి మిగిలింది మానేరు పక్కన మూడెకరాలు. కరీంనగర్ పెరుగుతూ అటే వస్తోంది కనుక అమ్ముతారా అని అడగనివాళ్ళు లేరు. మా నాన్న, మేం బాపు అనేవాళ్ళం, అమ్మేది లేదన్నాడు. వరితో గడవక రెండు చెరువులు తవ్వించి మంచినీటి రొయ్య పిల్లలను వదిలాడు. రొయ్యలు నిలిస్తే భూమి నిలుస్తుంది, లేకుంటే లేదు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

రొయ్యలు వేలెడంత అయ్యాక ఎదుగుదల ఆగింది. కరీంనగర్‌లో దాణా దుకాణం నడిపే అతను రెండు పొట్లాలు ఇచ్చాడు. ఒకటి విటమిన్లు, ఖనిజాలు కలిపిన పొడి. రెండోది ప్రోబయోటిక్, రొయ్య కడుపులో ఉండి రోగాన్ని తట్టుకునే బలమిచ్చే సూక్ష్మజీవులట. బెల్లం నీళ్ళలో కలిపి దాణాకు పట్టించమన్నాడు.

ఒకప్పుడు ఎడ్లకు ఉలవలు ఉడికించిన గంగాళాన్ని బాపు అటక మీది నుంచి దింపించాడు. బెల్లం నీళ్ళు మరిగాక పొట్లాలు రెండూ పోసి, దాణా వేసి, తెడ్డుతో కలిపాడు. పొయ్యి దగ్గరకు ఇంకొకరిని రానివ్వలేదు. చల్లారాక ముద్దలు చిదిపి చెరువులో చల్లేవాడు. రోజూ ఇదే.

అమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. అరుగు మీద కూర్చుని చూసేది. "రొయ్యలకు విందు చేస్తుండు మీ బాపు. ఇగ ఇస్తార్లు ఒక్కటే తక్కువ," అంది నాతో.

"పచ్చిది తింటే ఏ జీవికి ఒంటబడ్తదే," అన్నాడు బాపు.

కుబుసం విడిచిన రొయ్యలకు కొత్త పెంకు గట్టిపడలేదు. తోకలు తెల్లబారాయి. పొద్దున గట్టు వెంట కొన్ని కొట్టుకొచ్చేవి, తర్వాత ఎక్కువయ్యాయి. కబురు పెడితే దుకాణం అతను బండి మీద వచ్చాడు. నీళ్ళు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు.

"పటేలా, పొడి ఎట్ల కలుపుతున్నరు?"

"ఉడికిచ్చి."

అతను తడి చేయి దులుపుకున్నాడు. "బెల్లం నీళ్ళల్ల కలపమన్న గని, పొయ్యి మీద పెట్టుమన్ననా? గవి పానమున్నయి పటేలా. సంపి పెడ్తున్నరు. విటమిన్ సుత గంత వేడికి ఆగదు."

"మా ఎడ్లకు ఆగింది."

"ఎడ్లు వేరు. రొయ్యలకు వంట చేసినోల్లను నేనెన్నడు చూడలే."

అవ్వ లేచి లోపలికి పోయింది. సరిగ్గా కలిపి ఉంటే బతికేవా అని అడిగాను. చెప్పలేనన్నాడు. ఆ పొళ్ళు కొంత బలమిస్తాయి తప్ప వచ్చిన రోగాన్ని ఆపవట. ఉడికిన ముద్దలు కరిగి నీళ్ళను మాత్రం చెడగొట్టాయన్నాడు.

మర్నాడు బాపు కొత్త పొట్లాలు విప్పి చల్లటి బెల్లం నీళ్ళలో కలిపి, దాణాకు పట్టించి నీడన ఆరబెట్టాడు. ఇస్త్రీ ధోతి మోకాళ్ళపైకి మడిచి తానే నీళ్ళలోకి దిగాడు. తింటున్నాయో లేదో చూడటానికి తాళ్ళు కట్టిన పళ్ళెంలో కొంత దాణా పోసి దించాడు. సాయంత్రం పైకి లాగితే వేసింది వేసినట్టే ఉంది.

"ఇగ సాలు," అన్నాడు.

నేను చేతులు కడుక్కుని అన్నం తిన్నాను. ఏమీ అనిపించలేదు. రోజూ తినేంతే తిన్నాను.

గోదావరిఖనిలో బొగ్గు గనిలో పని చేసి రిటైరైన ఒకాయన భూమి చూడటానికి వచ్చాడు. బాపు కుర్చీ వేయించి చాయ్ ఇప్పించాడు. హద్దురాళ్ళు తానే నడిచి చూపించాడు. ధర దగ్గర బేరమాడలేదు. మానేరు పక్క మూడెకరాలు, బోరు, రెండు చెరువులతో కలిపి అమ్మేశాం.